గోడవార పాత సైకిలు



మన పల్లెల్లో ఏ ఇంటి వెనక్కి వెళ్ళి చూసినా తరచుగా ఒక పాత సైకిలు కనిపిస్తుంది. పశువుల కొట్టంలో గడ్డిమోపుల వెనక ఒకటి, వసారా చివర ఎరువు బస్తాల పక్కన ఒకటి. టైర్లలో గాలి ఉండదు. చైను తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. సీటు మీద కోడి గుడ్లు పెడుతుంది. ఒకప్పుడు అదే సైకిలు ఆ ఇంటి గౌరవం. దాని మీదే పాలక్యాను వెళ్ళింది, వడ్లబస్తా మిల్లుకు వెళ్ళింది, నొప్పులు మొదలైన ఇల్లాలి కోసం నర్సమ్మను పిలవడానికి అర్ధరాత్రి పరుగెత్తింది. పల్లె బడిపంతులూ, తపాలా బంట్రోతూ, సువార్తికుడూ దాని మీదే తిరిగారు. ఇప్పుడు పాత ఇనుము కొనేవాడు వీధిలో కేక వేసినప్పుడు మాత్రమే అది మనకు గుర్తొస్తుంది.

ఈ నెల మీకు ఒక మాట చెప్పాలని ఉంది. మీ ఇంట్లో ఎదిగే బిడ్డ ఉంటే, ఆ సైకిలును తూకానికి వేసేముందు ఒక్కసారి ఆగండి. దాన్ని బిడ్డతో కలిసి బాగుచేయండి. తర్వాత ఆ బిడ్డతో కలిసి తొక్కండి. దానివల్ల మిగిలే డబ్బు కొంతే. దానివల్ల దొరికే సమయం మాత్రం ఏ అంగట్లోనూ దొరకదు.

మన ఇళ్ళలో ఉన్న పాత సైకిళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి తాతల నాటి నల్ల సైకిలు: ఎత్తుగా, బరువుగా, కడ్డీ బ్రేకులతో ఉంటుంది. ఇంగ్లాండు కంపెనీతో కలిసి 1949లో మద్రాసులో మొదలైన టి.ఐ. సైకిల్స్, 1951లో హర్యానాలోని సోనీపత్‌లో మొదలైన అట్లాస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో, ఇవన్నీ మన పల్లెలకు ఆ నల్ల సైకిళ్ళను పంపాయి. వాటిలో అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారంలో 2020 జూన్ 3న పని ఆగిపోయింది. జూన్ 3ను ప్రపంచ సైకిలు దినోత్సవంగా 2018లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. సరిగ్గా ఆ రోజే ఆ గేటు మూతపడడం చాలామందికి బాధ కలిగించింది.

రెండవ రకం 1990ల్లో మన కుర్రకారు మోజుపడిన సైకిలు. లావు టైర్లు, అడ్డంగా సూటిగా ఉండే హ్యాండిలు, వైరు బ్రేకులు, రంగురంగుల ఫ్రేము. ఏ కంపెనీదైనా సరే, మనవాళ్ళు చాలాచోట్ల దాన్ని రేంజర్ సైకిలు అనే పిలిచారు. దాని అసలు జాతి కొండదారుల సైకిలు. అప్పుడు పదో తరగతి పాసైతే కొనిపెడతానని తండ్రులు మాట ఇచ్చిన సైకిలు అదే. ఆనాటి కుర్రవాళ్ళు ఈనాడు తండ్రులు. సైకిలు మాత్రం గోడవార ఉండిపోయింది.

ఈ కొండదారుల సైకిలు పుట్టిన కథ వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. అది ఏ పెద్ద కర్మాగారంలోనూ పుట్టలేదు. పాత ఇనుములోంచి పుట్టింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో టమల్‌పైస్ అనే కొండ ఉంది. 1970ల్లో అక్కడి యువకులు కొందరు, 1930లు, 1940ల నాటి ష్విన్ కంపెనీ లావు టైర్ల సైకిళ్ళను చవకగా పోగుచేశారు. విప్పి, శుభ్రం చేసి, మంచి బ్రేకులు తగిలించి, ఆ కొండ మీది మట్టిదారుల్లో కిందికి తోలారు. 1976 అక్టోబరు 21న మొదటి పందెం పెట్టుకున్నారు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు అవి. ఒక్కసారి కొండ దిగేసరికి వేడికి లోపలి గ్రీజు పొగైపోయేది. మళ్ళీ గ్రీజు నింపితే తప్ప చక్రం పనికొచ్చేది కాదు. అందుకే ఆ పందేనికి, ఆ దారికి 'రీప్యాక్', అంటే మళ్ళీ నింపడం, అనే పేరు వచ్చింది. ఆ తర్వాత 1977లో జో బ్రీజ్ అనే యువకుడు ఆ దారుల కోసమే కొత్త ఫ్రేము తయారుచేయడం మొదలుపెట్టాడు. 1981లో ఒక కంపెనీ వాటిని పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మింది. కనుక పాత సైకిలు బాగుచేయడం చిన్నతనమని ఎవరైనా అంటే, వారికి ఈ కథ చెప్పండి.

గాలి టైరు కథ కూడా ఇలాంటిదే. ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ పట్టణంలో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు ఉండేవాడు. 1887లో ఆయన తన చిన్న కొడుకు మూడు చక్రాల బండి కుదుపు లేకుండా నడవాలని, పలుచని రబ్బరుతో గొట్టం చేసి గాలి నింపి చక్రానికి చుట్టాడు. మరుసటి ఏడాది దానికి పేటెంటు తీసుకున్నాడు. ఈనాడు లోకమంతా దొర్లుతున్న గాలి చక్రాల వెనక ఒక తండ్రి తన పిల్లవాడి కోసం ఇంట్లో చేసిన పని ఉంది.

ఇప్పుడు మన ప్రాంతపు సంగతి ఒకటి చెబుతాను. మధిర దగ్గర పల్లెలో ఒక కౌలు రైతు కుటుంబం. 2021లో వేసిన మిర్చికి నల్ల తామర పురుగు పట్టిన సంగతి మన ఖమ్మం జిల్లా రైతులెవరూ మరచిపోలేదు. పూత రాలిపోయింది, పెట్టుబడి పోయింది. ఆ వేసవిలోనే ఆరో తరగతి చదివే కొడుకు గేర్ల సైకిలు కావాలని పట్టుబట్టాడు. పక్కింటి పిల్లవాడికి కొన్నారు మరి. తండ్రి కసురుకున్నాడు. పిల్లవాడు మాట్లాడడం మానేశాడు. నాన్న ఇంట్లోకి వస్తే వాడు బయటికి వెళ్ళేవాడు. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తల్లి నెమ్మదిగా అంది: "అయ్యగారూ, కొట్టంలో వాళ్ళ బాబాయి రేంజరు సైకిలు ఉంది. బాగుచేసి ఇద్దామంటే ఈయన వినడం లేదు." ఆయన తల దించుకునే అన్నాడు: "పాతది ఇస్తే నలుగురిలో వాడికి చిన్నతనం కదండీ." నిజానికి చిన్నతనం పిల్లవాడిది కాదు, తనది. అప్పులో ఉన్న మనిషికి ప్రతి పాత వస్తువూ తన లేమిని ఎత్తి చూపుతున్నట్టే ఉంటుంది.

చివరికి ఒక శనివారం సైకిలును బయటికి తీశారు. పిల్లవాడు మొదట దూరంగానే నిలబడ్డాడు. ముందు చక్రం ఇరుసు విప్పగానే సన్న గోళీలు వాకిట్లో దొర్లాయి. అందరూ వంగి వెతకవలసి వచ్చింది. ఒకటి దొరకలేదు. దాని కోసం తండ్రీ కొడుకులు మోకాళ్ళ మీద వాకిలంతా తిరిగారు. ఎన్నో రోజుల తర్వాత ఇద్దరూ కలిసి నవ్వింది అప్పుడే. నాలుగు శనివారాలు పట్టింది. వెనక రిమ్ము, రెండు టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, వైర్లు, చైను కొన్నారు. అంతా కలిపినా కొత్త సైకిలు ధరలో చిన్న భాగమే అయింది. పిల్లవాడికి గేర్ల మీద మోజు పోయిందా అంటే, పోలేదు. ఇప్పటికీ అడుగుతాడు. కానీ ఆ తండ్రి నాతో అన్న మాట మీకు చెప్పాలి: "పానా తిప్పుతూ తిప్పుతూ చేను సంగతి చెప్పాను అయ్యగారూ. అప్పెంత ఉందో కూడా చెప్పాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని అయితే నా నోరు వచ్చేది కాదు."

ఈ మాట ఆలోచించండి. మన మగవారిలో చాలామందికి బిడ్డలతో ముఖాముఖి మాట్లాడడం చేతకాదు. తిట్టడం వచ్చు, బుద్ధి చెప్పడం వచ్చు. చేతుల్లో ఒక పని ఉండి, ఇద్దరి చూపూ ఆ పని మీద ఉంటే, నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. పొలం పనిలో మన పెద్దలు మనకు నేర్పినవన్నీ అలా నేర్పినవే.

సరే, పని ఎలా మొదలుపెట్టాలి?

మొదట, ఆ సైకిలు బాగుచేయడానికి తగినదేనా అని చూడాలి. తడిగుడ్డతో ఫ్రేమంతా తుడవండి. హ్యాండిలు కింద రెండు కడ్డీలు కలిసేచోట, ముందు ఫోర్కు పైభాగంలో, వెనక చక్రం బిగించేచోట వేలితో తడిమి చూడండి. పగులు గీత గాని, రంగు ముడతలు పడడం గాని, కడ్డీ వంకర గాని కనిపిస్తే ఆ ఫ్రేము బిడ్డకు వద్దు. అతుకు వేయించి సరిపెట్టకండి. దాన్ని ఇనుపవాడికి ఇచ్చేయడమే మంచిది. పైపై తుప్పుకు మాత్రం భయపడనక్కరలేదు. ఆనాటి ఫ్రేములు చాలావరకు ఉక్కువి. లోపల తినేయకపోతే పైన రుద్దితే పోతుంది.

రెండవది, పిల్లలకు తగిన పని పిల్లలకు ఇవ్వండి. ఇరుసులు విప్పినప్పుడు ఏ వైపు ఎన్ని గోళీలు వచ్చాయో లెక్కపెట్టి, ఒక్కొక్క వైపువి ఒక్కొక్క గిన్నెలో వేయడం వాళ్ళ పని. గోళీ మెరుస్తూ నున్నగా ఉంటే ఉంచాలి. గుంటలు పడితే మార్చాలి. మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చాలి. కొత్త గ్రీజు పెట్టి ఇరుసు బిగించేటప్పుడు చక్రం తేలికగా తిరగాలి, అటూ ఇటూ ఊగకూడదు. ఆ రెంటి మధ్య సరైన బిగువు పట్టుకోవడమే ఈ పనిలో అసలు నేర్పు. రెండు మూడుసార్లు తప్పుతుంది. తప్పనివ్వండి. ఇంకొక సంగతి: ఎడమ పెడలు మర తిరగబడి ఉంటుంది. అన్ని మరలూ విప్పే వైపు తిప్పితే అది ఇంకా బిగుస్తుంది. ఇది తెలియక మర పాడుచేసేవారు చాలామంది.

మూడవది, ఏది మార్చాలో తెలుసుకోండి. టైరు పైన గళ్ళు బాగున్నా పక్కలు బీటలు వారితే అది పనికిరాదు. బ్రేకు రబ్బరు గట్టిపడి గోరు దిగకపోతే మార్చండి. వైరులో ఒక్క పోగు తెగినా మార్చండి. చైనుకు వంటనూనె, కొబ్బరినూనె పోయకండి. అవి జిగటగా మారి దుమ్ము పట్టుకుంటాయి. కుట్టుమిషను నూనె చుక్కలుగా వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. వంకర తిరిగిన చక్రం సరిచేయడం, అంటే పుల్లలు బిగించి బెండు తీయడం, అనుభవం ఉన్నవాడి పని. దానికి మీ ఊరి సైకిలు షాపు ఆయన దగ్గరకే వెళ్ళండి. బిడ్డను కూడా తీసుకువెళ్ళి ఆయన పక్కన కూర్చోబెట్టండి. ఒకప్పుడు గంటకింత అని అద్దెకు సైకిళ్ళు ఇచ్చిన ఆ షాపుల్లో ఎన్నో మూతపడ్డాయి. మిగిలినవారి చేతిలో ఉన్న విద్య చూడదగినది.

నాలుగవది, జాగ్రత్తలు. ఇవి తేలికగా తీసుకోవద్దు. తుప్పు కడగడానికి తెచ్చిన కిరోసిన్ గాని, డీజిల్ గాని ఎప్పుడూ నీళ్ళ సీసాలోనో కూల్‌డ్రింకు సీసాలోనో పోయకండి. దాహం వేసిన పసిబిడ్డ తాగేస్తాడు. మన పల్లెల్లో ఇలా ఆసుపత్రి పాలయిన బిడ్డలున్నారు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అందుకని గరుకు కాగితం పొడిగా రుద్దకుండా నీళ్ళతో తడిపి రుద్దండి. చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, ఆ పని తర్వాత చేతులు సబ్బుతో కడగండి. చైను తిప్పేటప్పుడు ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు చేయి పెట్టకూడదు. వేళ్ళు నలిగేది అక్కడే.

సైకిలు సిద్ధమైంది. ఇక తొక్కడం.

మనలో చాలామంది పెద్ద సైకిలు కడ్డీ సందులోంచి కాలు పెట్టి కత్తెర తొక్కుడుతో నేర్చుకున్నవాళ్ళమే. మోకాళ్ళ మీది మచ్చలు దానికి సాక్ష్యం. మన బిడ్డలకు ఆ మచ్చలు అవసరం లేదు. రేంజరు సైకిలు చక్రం 26 అంగుళాలు. సాధారణంగా పదకొండు, పన్నెండేళ్ళు దాటి ఎదిగిన పిల్లలకే అది సరిపోతుంది. అంతకంటె చిన్నవారికి చిన్న చక్రాల పాత సైకిలు ఎవరి దగ్గరైనా అడిగి తీసుకోండి. మీ బంధువుల ఇళ్ళలో ఎక్కడో ఒకటి తప్పక ఉంటుంది. నేర్పేటప్పుడు రెండు పెడళ్ళూ ఊడదీసి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించండి. బడి ఆవరణలోనో ఎండిన కళ్ళంలోనో బిడ్డ కాళ్ళతో నెట్టుకుంటూ పోనివ్వండి. కొన్ని రోజుల్లో కాళ్ళు ఎత్తి జారుతూ పోవడం వస్తుంది. అప్పుడు పెడళ్ళు బిగించండి. మీరు హ్యాండిలు పట్టుకోకండి. పట్టుకుంటే తూకం బిడ్డకు అలవడదు. భుజాల దగ్గర మెల్లగా ఆనుకుని నడవండి.

పసిబిడ్డల్ని క్యారియరు మీద ఎక్కించుకునే తండ్రులారా, మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. వేలాడే చిన్న పాదం వెనక చక్రం పుల్లల్లోకి వెళితే మడమ చర్మం ఊడిపోతుంది, ఒక్కోసారి ఎముక విరుగుతుంది. ఇది ఒక్క క్షణంలో జరుగుతుంది. చక్రానికి రెండు వైపులా ఇనుప వలో రేకో కట్టించండి. కాళ్ళు పెట్టుకోవడానికి రెండు వైపులా ఆధారాలు బిగించండి. నిద్రమత్తులో ఉన్న బిడ్డను ఎక్కించుకోకండి. తల్లుల కొంగు, ఆడపిల్లల చున్నీ ఎగరకుండా చుట్టుకోవాలి. చైను కవరు లేని సైకిలు మీద ఎవరినీ పంపకండి.

దారి సంగతి. ఉదయం పొద్దెక్కకముందే బయలుదేరండి. మిర్చి కోతల కాలంలో ఖమ్మం మార్కెట్టుకు వెళ్ళే లారీలు, ట్రాక్టర్లు వైరా రోడ్డు, బోనకల్లు రోడ్డు మీద ఎడతెగకుండా ఉంటాయి. పిల్లలతో ఆ రోడ్లు ఎక్కకండి. చేల మధ్య దారులే మేలు. బిడ్డ ముందు, పెద్దవారు వెనక కొంచెం కుడివైపుగా వెళ్ళాలి. అప్పుడు వెనకనుంచి వచ్చే బండి ముందు మిమ్మల్ని తప్పించుకుని పోతుంది. తలకు హెల్మెట్టు పెట్టండి. సాగర్ కాలువ కట్టలు చదునుగా ఉండి మనసు లాగుతాయి గాని, బ్రేకు మీద, హ్యాండిలు మీద పట్టు రాని పిల్లల్ని నీటి అంచున తొక్కనివ్వకండి. వానాకాలంలో మన నల్లరేగడి మడ్‌గార్డులో కూరుకుపోయి చక్రం తిరగనివ్వదు. తడిసిన ఇనుప రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది. కనుక వాన పడిన రోజు సైకిలు కొట్టంలోనే ఉండనివ్వండి. పాల్వంచ, భద్రాచలం వైపు అడవి అంచు పల్లెల్లో ఉన్నవారికి కంకరదారులు ఎక్కువ. కంకర మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కితే సైకిలు జారి పడుతుందని బిడ్డకు ముందే చూపించండి. తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు ఎక్కడైనా ఉంటాయి. పంక్చరు సామాను, చిన్న పంపు వెంట ఉంచుకోండి. పంక్చరు వేయడం పదేళ్ళ బిడ్డ నేర్చుకోగల పని.

మొదటిరోజు ఒకటి రెండు కిలోమీటర్లు చాలు. బిడ్డ అలిసిపోకముందే వెనక్కి తిప్పండి. ఇంకా పోదాం నాన్నా అని బిడ్డ అంటుండగానే ఇల్లు చేరితే, మరుసటి వారం వాడే మిమ్మల్ని నిద్ర లేపుతాడు.

ఒక మాట ఆడపిల్లల గురించి. పానా, గ్రీజు అబ్బాయిల చేతికే ఇవ్వకండి. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. మొదట ఎగతాళి చేసినవారే తర్వాత తమ ఇంటి ఆడపిల్లలకు నేర్పించారు. విమానం కనిపెట్టిన రైట్ సోదరుల సంగతి తీసుకోండి. వారు బిషప్పుగారి కుమారులు. 1892లో అమెరికాలోని డేటన్ పట్టణంలో సైకిలు షాపు పెట్టుకున్నవారు. వారికి పనిముట్లు పట్టుకునే నేర్పు తండ్రి నుంచి కాదు, తల్లి సుసాన్ నుంచి వచ్చింది. ఆమె బండ్లు చేసే ఇంట్లో పుట్టిన మనిషి. పిల్లల బొమ్మలు, ఇంట్లో వస్తువులు తన చేతులతోనే తయారుచేసేది, బాగుచేసేది. మన అమ్మాయికి పంక్చరు వేయడం వస్తే, దారిలో టైరు దిగినప్పుడు ఎవరి కోసమో ఎదురుచూస్తూ నిలబడనక్కరలేదు.

తండ్రులారా, తల్లులారా, బిడ్డకు కొత్తది కొనే శక్తి ఉంటే కొనండి, అది తప్పు కాదు. కానీ అరిగినదాన్ని పారేయకుండా విప్పి చూడడం, చెడినదేదో, నిలిచినదేదో వేరుచేయడం, ఓపికగా మళ్ళీ బిగించడం మీ పక్కన కూర్చుని నేర్చుకున్న బిడ్డకు రేపు తన సంసారంలో, తన పనిలో ఏది బిగుసుకుపోయినా చేతులెత్తేయడం అలవాటు కాదు.

వచ్చే శనివారం మధ్యాహ్నం ఒక పాత గోనెసంచి నీడలో పరవండి. ఒక పానా, స్క్రూడ్రైవరు, గ్రీజు డబ్బా, రెండు గిన్నెలు, కొన్ని పాతగుడ్డలు పక్కన పెట్టుకోండి. సీటు మీద కోడి ఉంటే నెమ్మదిగా దించండి. తర్వాత బిడ్డను పేరు పెట్టి పిలవండి.